రోడ్డు కింద రన్‌వే: షార్జా 'మహత్తా' కథ

రోలా తెలియని తెలుగువాడు షార్జాలో ఉండడు. సెలవు రోజు సాయంత్రం అక్కడికి వెళ్తే కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఇంటికి ఫోను, ఎక్స్‌చేంజిలో లైను, చాయ్, ఊరి కబుర్లు, మళ్ళీ క్యాంపు బస్సు. మనలో చాలామందికి ఏళ్ళ తరబడి సెలవంటే ఇదే.

రోలాకు కాస్త దూరంలోనే కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి ఉంది. ఆ దారిన బస్సుల్లో, కంపెనీ పికప్పుల్లో మనం ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. ఆ వీధిలో కొంత భాగం ఒకప్పుడు రన్‌వే అని, దాని మీద విమానాలు దిగేవని మనలో ఎంతమందికి తెలుసు? ఈ రోజు ఏడు ఎమిరేట్లుగా ఉన్న ఈ దేశంలో మొట్టమొదటి విమానాశ్రయం అదే. పేరు 'అల్ మహత్తా'.

మొన్న సెలవు రోజున మేము ఒక క్యాంపు నుంచి ఐదుగురిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాం. అందులో ఒకాయన వరంగల్ జిల్లావారు. పదహారేళ్ళుగా రోడ్డు పనుల్లో, తారు గ్యాంగులో ఉన్నారు. వచ్చే నెల క్యాన్సిల్ మీద ఇంటికి వెళ్ళిపోతున్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి అందరం పిలిచినట్టే 'పెద్దన్న' అని రాస్తున్నాం.

"పదహారేండ్లల్ల క్యాంపు, సైటు, రోలా, ఎయిర్‌పోర్టు. గీ నాలుగు తప్ప షార్జాల నేను ఏం జూడలే. రేపు మనుమడు అడిగితె ఏం చెప్పాలె?" అన్నారాయన బస్సులో. దానికి జవాబు వెతుక్కుంటూ వెళ్ళామనుకోండి. తిరిగి వచ్చేటప్పటికి ఆయన మాకే ఒక ప్రశ్న వేశారు. అది చివర్లో చెప్తాం.

ఎడారిలో ఒక సత్రం

'మహత్తా' అంటే అరబ్బీలో స్టేషన్. పెట్రోలు బంకును కూడా ఇక్కడివాళ్ళు అదే మాటతో పిలవడం మన డ్రైవరు తమ్ముళ్ళకు తెలిసిందే. ఈ విమానాల స్టేషన్ పుట్టింది ఇక్కడి వాళ్ళ అవసరం కోసం కాదు. లండన్ నుంచి ఇండియాకు పోయే వాళ్ళ కోసం.

ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అనే బ్రిటిష్ కంపెనీ 1929లో లండన్ నుంచి కరాచీకి విమానాలు మొదలుపెట్టింది. అప్పుడు ఆ ప్రయాణానికి వారం పట్టేది. విమానాలు గల్ఫ్ సముద్రానికి అవతలి ఒడ్డున, పర్షియా తీరం వెంబడి ఆగుతూ పోయేవి. పర్షియా ప్రభుత్వంతో ఒప్పందం గడువు 1932లో తీరిపోయింది. దాంతో దారిని ఇవతలి అరబ్బు ఒడ్డుకు మార్చాల్సి వచ్చింది. ఆనాటి విమానాలు ఒక్క దమ్మున ఎక్కువ దూరం పోలేవు. బహ్రెయిన్‌లో లేచిన విమానం గ్వాదర్ చేరాలంటే నడుమ ఎక్కడో ఒకచోట దిగాలి, నూనె పోసుకోవాలి, చీకటి పడితే పడుకోవాలి.

అలా షార్జా వంతు వచ్చింది. 1932 జులైలో అప్పటి పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ సఖర్ అల్ ఖాసిమీ ఒప్పందం మీద సంతకం పెట్టారు. అదే ఏడాది అక్టోబరు 5న మొదటి విమానం దిగింది. హెచ్.పి.42 రకం విమానం అది. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, నాలుగు ఇంజన్లు. గంటకు సుమారు 160 కిలోమీటర్ల వేగం. ఇప్పుడు దుబాయ్ రోడ్డు మీద కార్లు పోయే వేగానికి అది పెద్ద ఎక్కువేం కాదు.

ప్రయాణికులు రాత్రి పడుకోవడానికి కోటలాంటి రెస్ట్ హౌస్ కట్టారు. మందమైన గోడలు, నడుమ ఖాళీ జాగా, చుట్టూ గదులు. ఎడారి తెగల దాడులు జరగొచ్చన్న భయంతో దానికి కాపలా పెట్టారు. ఆ కాపలా మనుషులను షేకే ఇచ్చారు. లోపల తెల్లదొరలకు మంచాలు, భోజనాలు. బయట ఇసుక, ఒంటెలు, ఈచుబురుదలాంటి ఉప్పు నేల. 1937లో ఇంగ్లండువాళ్ళు ఈ స్టేషన్ మీద 'ఎయిర్ అవుట్‌పోస్ట్' అనే చిన్న డాక్యుమెంటరీ కూడా తీశారు. విమానం రావడం, రాత్రి బస, తెల్లారి లేచిపోవడం అందులో చూడొచ్చు.

నెలకు 800 రూపాయల కిరాయి

ఇక్కడ మన పెద్దన్న ఆగిపోయిన మాట ఒకటుంది. ఆ ఒప్పందం ప్రకారం స్థలానికి నెలకు 800 రూపాయల అద్దె, అది కాక షేకుకు సొంతంగా నెలకు 500 రూపాయలు ఇవ్వాలి. "రూపాయలా? దిర్హమ్‌లు కాదా?" అని అందరం ఒక్కసారే అడిగాం.

రూపాయలే. అదీ మన రూపాయే. గల్ఫ్ వ్యవహారాలను ఆ రోజుల్లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే చూసేది. ఇక్కడి బజార్లలో చెల్లింది ఇండియా రూపాయే. 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం విడిగా నోట్లు కూడా అచ్చు వేసింది. 1966లో ఇండియా రూపాయి విలువ తగ్గించాక ఇక్కడి పాలకులు దాన్ని వదిలేశారు. దిర్హమ్ వచ్చింది 1973లో. ఇప్పుడు మనం రేటు ఎంత పలికిందని ఎక్స్‌చేంజి బోర్డు కేసి చూస్తాం. అప్పుడు ఇక్కడి పాలకుడు నెలాఖరుకు మన రూపాయల కోసం చూశాడు. కాలం ఎంత తిరిగిందో చూడండి.

ఆ డబ్బు షార్జాకు అప్పుడు చాలా అవసరం. ఈ తీరమంతా ముత్యాల మీద బతికేది. జపాన్‌వాళ్ళు సాగుచేసే ముత్యాలు మార్కెట్లోకి వచ్చాయి. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం వచ్చిపడింది. నీళ్ళలో మునిగి ముత్యాలు తెచ్చేవాళ్ళు అప్పుల్లో మునిగిపోయారు. నూనె ఇంకా బయటపడలేదు. అటువంటప్పుడు నెలనెలా వచ్చే కిరాయి చిన్న విషయం కాదు. అయినా తెల్లవాళ్ళకు జాగా ఇవ్వడం ఊళ్ళో అందరికీ నచ్చలేదు. షేకు సొంత బంధువుల్లోనే కొందరు వద్దన్నారు. ఆయన ఒప్పించుకుని నడిపించారు.

టపా మన దాకా వచ్చింది

ఈ మైదానానికీ మనకూ సంబంధం ఏమిటని అనుకోవచ్చు. మొదటి విమానం షార్జాలో దిగిన పది రోజులకే, అంటే 1932 అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి చిన్న విమానంలో టపా సంచులు వేసుకుని అహ్మదాబాద్ మీదుగా బొంబాయిలో దిగారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ అనే పైలట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకెళ్ళారు. ఇంపీరియల్ విమానాలు కరాచీకి తెచ్చే విదేశీ టపాను దేశం లోపలికి చేర్చడమే ఆ సర్వీసు పని. అదే టాటా ఎయిర్‌లైన్స్, 1946లో ఎయిర్ ఇండియా అయింది.

కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పుడు రాజధాని మద్రాసే. కాబట్టి లండన్ నుంచి బెజవాడకో, కర్నూలుకో విమానంలో ఉత్తరం వస్తే, అది ఈ షార్జా ఇసుక మీద ఒకసారి ఆగి వచ్చిందన్నమాట. ఎడారిలో ఉండి ఉత్తరం కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో మనకు చెప్పక్కర్లేదు. మొబైళ్ళు రాకముందు ఇక్కడ పనిచేసిన పాతకాపులను అడగండి, ఉత్తరం మడతలు ఎన్నిసార్లు విప్పి చదివేవారో చెప్తారు.

తిరిగిరాని విమానం

ఈ దారి ఒక బాధ కూడా మిగిల్చింది. 1940 మార్చి 1న 'హానిబాల్' అనే హెచ్.పి.42 విమానం ఇరాన్ తీరంలోని జాస్క్ నుంచి షార్జాకు బయల్దేరింది. నడుమ ఉన్నది ఒమన్ సముద్రం. ఆ విమానం షార్జా చేరలేదు. అందులో ఎనిమిది మంది ఉన్నారు. ఎవరూ దొరకలేదు.

ఆ ఎనిమిది మందిలో ఒకరు సర్ ఏ.టి. పన్నీర్‌సెల్వం. జస్టిస్ పార్టీ నాయకుడు. 1937లో మద్రాసు రాష్ట్రానికి మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల్లో ఆయన మంత్రివర్గంలో పనిచేశారు. లండన్‌లో కొత్త పదవి చేపట్టడానికి పోతూ దారిలోనే కనుమరుగయ్యారు. పెద్ద మనిషి కాబట్టి ఆయన పేరు చరిత్రలో మిగిలింది.

యుద్ధం నుంచి నూనె దాకా

రెండో ప్రపంచ యుద్ధంలో మహత్తా బ్రిటిష్ వైమానిక దళానికి స్థావరమైంది. యుద్ధం ముగిసినా వాళ్ళు పోలేదు. 1971లో బ్రిటిష్‌వాళ్ళు గల్ఫ్ విడిచి వెళ్ళి, అదే ఏడాది డిసెంబరు 2న యూఏఈ ఏర్పడేదాకా షార్జాలో ఉన్నారు.

1950లో బహ్రెయిన్‌లో గల్ఫ్ ఏవియేషన్ అనే చిన్న కంపెనీ పుట్టింది. మనం ఎరిగిన గల్ఫ్ ఎయిర్‌కు అదే మూలం. ఆన్సన్ అనే రెండు ఇంజన్ల చిన్న విమానంతో మొదలైన ఆ సర్వీసుకు షార్జా ఒక మజిలీ. అప్పటికి దుబాయ్‌లో విమానాశ్రయం లేదు. దుబాయ్‌వాళ్ళు కూడా విమానం ఎక్కాలంటే ఇసుక దారిన షార్జాకే రావాలి. 1960లో దుబాయ్ తన సొంత విమానాశ్రయం తెరిచింది. మొదట్లో అక్కడ రన్‌వే కూడా గట్టిపరచిన ఇసుకే. ఈ రోజు ఆ దుబాయ్ ఎయిర్‌పోర్టు ఎక్కడుందో, దానికి దారి చూపిన మహత్తా ఎక్కడుందో మనకు తెలుసు.

షార్జా ఊరు పెరిగి పెరిగి మహత్తా చుట్టూ చేరింది. ఇళ్ళ నడుమ విమానాలు దించడం ఇక కుదరలేదు. 1977 జనవరి 1న ఊరికి బయట ఇప్పుడున్న షార్జా అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. పాత మైదానం మూతపడింది. రన్‌వే మీద రోడ్డు వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా బిల్డింగులు లేచాయి.

మూతపడ్డది మళ్ళీ తెరిచారు

మామూలుగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. ఈ దేశంలో పాతది కూల్చడం, కొత్తది లేపడం మన కళ్ళ ముందు రోజూ జరిగేదే. కూల్చేదీ మనమే, లేపేదీ మనమే. కాని మహత్తా కోటను, కంట్రోల్ టవర్‌ను కూల్చలేదు. షార్జా పాలకుడు డాక్టర్ షేక్ సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ చరిత్ర చదివి, చరిత్ర పుస్తకాలు రాసిన మనిషి. ఆయన కాలంలో పాత కట్టడాలను బాగుచేయించి, 2000లో అల్ మహత్తా మ్యూజియంగా తెరిచారు.

ఇప్పుడు లోపల పాత ప్రొపెల్లర్ విమానాలు నిలబడి ఉన్నాయి. ఆన్సన్ ఉంది, డీసీ-3 డకోటా ఉంది. డకోటా పక్కన నిలబడితే మన క్యాంపు బస్సుకన్నా పెద్దదే గాని మరీ అంత పెద్దది కాదనిపిస్తుంది. ప్రయాణికులు పడుకున్న గదులు, ఫొటోలు, మనిషి ఎగరడం ఎట్లా నేర్చాడో చెప్పే బొమ్మలు ఉన్నాయి. మాతో వచ్చిన ఇద్దరు తమ్ముళ్ళు ప్రొపెల్లర్ దగ్గర ఫొటోల మీద ఫొటోలు దిగారు.

విమానం మళ్ళీ లేవకపోయినా చచ్చిపోయిన చోటుకు ప్రాణం వచ్చిందనే చెప్పాలి. ఇంకో ముచ్చట. 2003 అక్టోబరులో ఎయిర్ అరేబియా మొదలైనప్పుడు షార్జా నుంచి దాని మొదటి విమానం పోయింది బహ్రెయిన్‌కే. 1932లో తెల్లవాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చి షార్జాలో దిగారో ఆ ఊరికే షార్జా విమానం సొంత జెండాతో లేచింది. ఇప్పుడు ఆ కంపెనీ విమానాల్లో నిండా ఉండేది దొరలు కాదు. అట్టపెట్టెలకు తాళ్ళు కట్టుకుని ఊరికి పోయే మనలాంటివాళ్ళు.

ఒక్క వెలితి మాత్రం మాకు తోచింది. ఫొటోల్లో పైలట్ల పేర్లున్నాయి, షేకుల పేర్లున్నాయి. నూనె డబ్బాలు మోసినవాళ్ళు, వంట చేసినవాళ్ళు, రన్‌వే మీద ఇసుక ఊడ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళో, పేర్లేమిటో మాకు కనిపించలేదు. పని మిగిలింది, పనివాళ్ళ పేరు మిగల్లేదు.

మామునూరు మాట

బయటికి వచ్చాక పెద్దన్న చాలాసేపు రోడ్డు పక్కన నిలబడ్డారు. తారు పని తెలిసిన మనిషి కదా, వంగి రోడ్డు వాలు చూశారు. తర్వాత మెల్లగా చెప్పారు: "మా దిక్కు కూడ ఒకటుంది. మామునూరు."

వరంగల్ పక్కన మామునూరు విమానాశ్రయం కూడా మహత్తా ఈడుదే. నిజాం కాలంలో, 1930లో మొదలైంది. అక్కడ 1981 దాకా విమానాలు వచ్చాయి. తర్వాత గడ్డి మొలిచింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. దానికి 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం పెట్టడానికి ఒప్పందం అడ్డొచ్చి మామునూరు పని ఏళ్ళ తరబడి ఆగిపోయింది. చివరకు 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంకో 253 ఎకరాలు సేకరించడానికి 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. రన్‌వే పొడుగు పెంచాలంటే చుట్టుపక్కల పొలాలు కావాలి.

ఆ 253 ఎకరాల్లో పెద్దన్నవి ముప్పై గుంటలు. ఇక్కడి తారు పొగలో సంపాదించి పంపిన పైసలతో, ముందు ఏజెంటు అప్పు తీర్చి, తర్వాత చెల్లె పెండ్లి చేసి, ఆఖరికి కొన్న భూమి అది. క్యాన్సిల్ మీద పోయేది ఆ భూమి చేసుకోవడానికే. ఇప్పుడు దానికి పరిహారం బ్యాంకులో పడింది.

"పైసలు తక్కువ ఇచ్చిన్రని నేను అనను. విమానం రావొద్దని కూడ అనను. వరంగల్‌ల విమానం దిగితె నాలాంటోనికి హైదరాబాదు నుంచి రాత్రంత బస్సుల పోయే బాధ తప్పుతది. సచ్చిపోయినోళ్ళ పెట్టెలు కూడ జల్ది ఇంటికొస్తయి. కాని అన్నా, ఒక్కటి చెప్పు. గీ షేకు భూమి అమ్మలే. కిరాయికిచ్చిండు. నెల నెలా రూపాయలు దీస్కున్నడు. తెల్లోళ్ళు పొయిన్రు, భూమి ఆయనదే ఉన్నది. మాకెందుకు గట్ల అడగలె ఎవ్వలు?"

ఇదీ ఆయన మాకు వేసిన ప్రశ్న. మా దగ్గర జవాబు లేదు. షేకు ఒక ఊరికి పాలకుడు, పెద్దన్న ముప్పై గుంటల రైతు. ఇద్దరి బలం ఒకటి కాదని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ప్రశ్న తప్పు కాదు. భూమి ఇచ్చిన ఇంటికి ఒక ఉద్యోగమో, వచ్చే ఆదాయంలో ఏటా కొంత వాటానో ఇవ్వాలని అడగడం అత్యాశ కాదు. మామునూరు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గల్ఫ్‌లో ఉన్నారు. ఇంట్లో ఉన్నది ముసలి తల్లిదండ్రులు, ఆడవాళ్ళు. ఎక్కడ ఏ కాగితం మీద వేలిముద్ర వేయమన్నా ముందు చదివించుకోమని, నకలు దాచుకోమని, మీకు ఫోను చేయమని ఇంటివాళ్ళకు చెప్పండి. సెలవు రోజు ఫోనులో ఇది కూడా మాట్లాడండి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మళ్ళీ అడిగాం, మనుమడికి ఏం చెప్తావని. పెద్దన్న ఈసారి నవ్వారు. "షార్జాల ఒక రోడ్డుంది, దాని కింద విమానాల జాగా ఉందని చెప్త. మామునూరుల విమానం లేసిన్నాడు వాన్ని తీస్కపోయి చూపిస్త. గా రన్‌వే కింద మనయి ముప్పై గుంటలున్నయిరా అని చెప్త. ఎక్కడ రాసి పెట్టకున్నా వానికి తెలుస్తది."

వెళ్ళాలనుకునేవారికి

అల్ మహత్తా మ్యూజియం షార్జాలో అల్ ఖాసిమియా ప్రాంతంలో, కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి దగ్గర ఉంది. రోలా నుంచి టాక్సీలో కొద్ది నిమిషాలు. నలుగురు కలిసి వెళ్తే తలా కొద్దిగానే పడుతుంది. లోపలికి చిన్న టికెట్ ఉంటుంది. సెలవు రోజుల్లో తెరిచే వేళలు వేరుగా ఉంటాయి, రంజాన్‌లో మారుతాయి. కాబట్టి ముందు ఫోనులో కనుక్కుని బయల్దేరండి. బతాకా జేబులో ఉంచుకోండి. రోలాలో చాయ్ ఎక్కడికీ పోదు. వచ్చే సెలవు రోజు ఒక్క గంట అటు తిరిగి చూడండి.